అమ్మ పేరు మీద 4 లక్షల 60 వేలు: క్యాన్సర్ ఫౌండేషన్‌కి ఇవ్వాలి. చికిత్సకా, పరిశోధనకా?

రవి_సూర్యాపేట
సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఒక సలహా కావాలి.

మా అమ్మ కిందటి శ్రావణంలో కాలం చేసింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. పదిహేను నెలలు హైదరాబాద్ ఆసుపత్రుల చుట్టూ తిరిగాం. ఆమె పేరు మీద పోస్టాఫీసులో 4 లక్షల 60 వేలు ఉన్నాయని దినాలయ్యాక తెలిసింది. పాలు అమ్మి దాచిన డబ్బు. నాన్న పాసుబుక్కు నా చేతిలో పెట్టి "ఇది ఇంట్లోకి వద్దురా, అదే జబ్బున్నోళ్లకు పోనియ్యి" అన్నాడు. ఆ మాట వరకు అందరం ఒకటే. ఎవరికి, ఎట్లా అన్న దగ్గరే గొడవ.

అన్న కెనడాలో ఉంటాడు. పరిశోధనకు ఇద్దాం అంటాడు. అక్క అన్నదానం చేద్దాం అంటుంది. బావకు ఏదైనా ఆసుపత్రిలో మంచం తలాపున అమ్మ పేరుతో రేకు ఒకటి బిగించాలని ఉంది. నేను కూకట్‌పల్లిలో ఉంటాను కాబట్టి కనుక్కునే పని నా నెత్తిన పడింది. సంవత్సరీకం లోపు తేల్చాలి, ఇంకా రెండు నెలలే టైముంది.

ఏ ఫౌండేషన్‌కి ఇస్తే డబ్బు నిజంగా రోగి దాకా పోతుంది?

చార్మినార్_చాయ్
సోమవారం రాత్రి 11:05

ముందుగా ఒక హెచ్చరిక. ఫోన్ చేసి అడిగేవాళ్లకు మాత్రం ఇవ్వకు. ఒకసారి ఆన్‌లైన్లో 500 కట్టాను, ఎవరికో పేరు చెప్పను. అప్పటి నుంచి వారానికి రెండు ఫోన్లు. గుండు చేసిన పిల్లాడి ఫొటో, వెనక ఏడుపు మ్యూజిక్, "సార్, ఈ రాత్రికే కావాలి సార్." ఆ పిల్లాడి ఫొటో ఆర్నెల్ల తర్వాత వేరే పేరుతో మళ్లీ వచ్చింది. ఆ ఫోన్ చేసే అమ్మాయికి జీతం ఎవరిస్తున్నారు? మన 500లోంచే.

పద్మజ_బోడుప్పల్
సోమవారం రాత్రి 11:31

అమ్మ గురించి చదివి బాధేసింది తమ్ముడూ. నాకు 2017లో రొమ్ము క్యాన్సర్, ఒక ట్రస్టు ఆసుపత్రిలోనే వైద్యం అయింది. ఇప్పుడు ఆరు నెలలకోసారి చెకప్ మాత్రమే.

చాయ్ గారు చెప్పింది నిజమే, కానీ అందర్నీ ఒకే గాటన కట్టేయకండి. నేను బతికున్నది అలాంటి ఒక ట్రస్టు వల్లే. డబ్బున్నవాళ్లు స్పెషల్ రూముకి కట్టిన డబ్బుతో జనరల్ వార్డు నడిచేది. నేను జనరల్ వార్డు. పక్క బిల్డింగులో ఏసీ రూముల్లో ఉన్నవాళ్లని చూసి మొదట్లో కుళ్లుకున్నాను, ఆ లెక్క తెలిశాక ఆ రూములు నిండుగా ఉండాలని కోరుకున్నాను. నవ్వొస్తుంది ఇప్పుడు.

మూర్తి_పశ్చిమగోదావరి
మంగళవారం ఉదయం 6:15

పద్మజ గారు చెప్పిన పద్ధతికి మన ఊళ్లో పెద్ద ఉదాహరణ బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి. ఇప్పటి పిల్లలు బాలకృష్ణ ఆసుపత్రి అనేస్తారు, ఆయన ఛైర్మన్ కనుక. మొదలు మాత్రం ఒక ఇంటి దుఃఖం. ఎన్టీ రామారావు గారి భార్య బసవతారకం గారు 1985లో క్యాన్సర్‌తో పోయారు. అప్పటికి రామారావు గారు ముఖ్యమంత్రి. ఆ తర్వాత అమెరికాలోని తెలుగు డాక్టర్లు, ఎన్నారైలు కలిసి ఫౌండేషన్ పెట్టారు. పేరులో ఇండో అమెరికన్ అని ఉన్నది అందుకే. రేడియేషన్ వైద్యుడు నోరి దత్తాత్రేయుడు గారు, రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావు గారు, పోలవరపు తులసీదేవి గారు ఇందులో తిరిగినవాళ్లు. ఆసుపత్రి తలుపులు తెరవడం మాత్రం రామారావు గారు చూడలేదు. 1996లోనే పోయారు. 2000 జూన్ 22న ప్రధాని వాజ్‌పేయి వచ్చి ప్రారంభించారు. ఆలోచన పుట్టాక పదేళ్లకు పైనే పట్టిందన్నమాట. ముఖ్యమంత్రి ఇంటి పేరున్న పనికే అంత కాలం పడితే, మనం ఇచ్చింది రేపటికల్లా ఫలించాలనుకోవడం అత్యాశ.

ఇక ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి. అది ప్రభుత్వానిది, రెడ్‌హిల్స్‌లో. 1955 నుంచి ఉంది. మొదటి పేరులో రేడియం ఇన్‌స్టిట్యూట్ అని ఉండేది. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద పెట్టారు. గవర్నమెంటు ఆసుపత్రికి విరాళం ఎవరిస్తారని అనుకోవద్దు. అక్కడ 2023లో తెరిచిన కొత్త బ్లాకు అరబిందో ఫార్మా ఫౌండేషన్ కట్టించిందే.

ల్యాబ్_కోటు
మంగళవారం ఉదయం 9:50

నేను మీ అన్న పక్షం, సగం వరకు.

తార్నాక వైపు ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను, క్యాన్సర్ కణాల మీదే. పరిశోధన అనగానే ఎక్కడో మందు కనిపెట్టి కోట్లకు అమ్ముకోవడమే అనుకుంటారు జనం. మన దేశంలో ట్రస్టులూ ప్రభుత్వమూ నడిపే ఆసుపత్రుల్లో జరిగే పరిశోధన వేరే రకం. రెండు సంగతులు చెబుతాను.

ముంబయి టాటా మెమోరియల్ తెలుసు కదా. 1941లో టాటా ట్రస్టు పెట్టింది, 1962 నుంచి అణుశక్తి శాఖ కింద ఉంది. ముంబయి మురికివాడల్లో లక్షా యాభై వేల మంది ఆడవాళ్లతో వాళ్లు ఏళ్ల తరబడి ఒక అధ్యయనం చేశారు. పరీక్ష ఏమిటంటే, పలచని వెనిగర్‌తో గర్భాశయ ముఖద్వారాన్ని తుడిచి, నిమిషం ఆగి, తెల్ల మచ్చ పడిందా లేదా అని కంటితో చూడటం. అంతే. ల్యాబ్ అక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు, పదో తరగతి చదివిన ఆరోగ్య కార్యకర్త చేసింది. 2013లో ఫలితం చెప్పారు. ఆ జబ్బుతో చావులు 31 శాతం తగ్గాయి. రవి గారూ, మీ అమ్మగారిది అదే జబ్బు.

రెండోది ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం. నివోలుమాబ్ ఇంజెక్షన్ పూర్తి డోసులో కొనుక్కోగలవాళ్లు ఈ దేశంలో వందమందిలో ఎందరుంటారో మీరే ఊహించుకోండి. టాటావాళ్లు తల, మెడ క్యాన్సర్లలో 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. మామూలు డోసులో పదో వంతు కూడా కాదు. మామూలు మాత్రలకు అది కలిపితే ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. 2022లో అచ్చయింది. తన మందు తక్కువ వాడితే చాలని నిరూపించే ప్రయోగానికి ఏ కంపెనీ డబ్బు పెడుతుంది చెప్పండి? అలాంటిది ట్రస్టులో, సర్కారో చేయాల్సిందే.

చార్మినార్_చాయ్
మంగళవారం ఉదయం 10:12

సగం వరకు అన్నారు. ఆ రెండో సగం ఏందో కూడా చెప్పండి.

ల్యాబ్_కోటు
మంగళవారం మధ్యాహ్నం 1:20

రెండో సగం లెక్క. ఒక జూనియర్ రీసెర్చ్ ఫెలోకి నెలకు 37,000. పన్నెండు నెలలకు 4,44,000. ఇంటి అద్దె భత్యం కలపకుండానే. అంటే మీ అమ్మగారి మొత్తం పొదుపు ఒక కుర్రాడి ఏడాది జీతం. ఆ ఏడాదిలో వాడు మిషన్ వాడటం నేర్చుకుంటాడు, రెండు ప్రయోగాలు పాడుచేస్తాడు. నేనూ అలాగే మొదలుపెట్టాను, తప్పు పట్టడం లేదు. పరిశోధనకు పదిమంది పదేళ్లు ఇచ్చే డబ్బు కావాలి. ఒక్కసారి ఇచ్చే నాలుగున్నర లక్షలు అందులో కలిసిపోతాయి. కలిసిపోయినా పర్వాలేదు అనుకుంటే ఇవ్వండి.

మూర్తి_పశ్చిమగోదావరి
మంగళవారం మధ్యాహ్నం 3:05

కలిసిపోయే డబ్బు గురించి ఒక కథ ఉంది. మా భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది. అమెరికాలో లెడర్లే ల్యాబుల్లో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేశారు. ఫోలిక్ యాసిడ్ కణం పెరగడానికి కావాలి. సరిగ్గా దానిలా కనిపిస్తూ పని జరగనివ్వని మందును తయారుచేస్తే క్యాన్సర్ కణం మోసపోతుంది. అలా వచ్చిందే అమినోప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశాడు. 1948లో ప్రచురించిన పత్రంలో పదహారు మంది పిల్లలు, అందులో పదిమందికి జబ్బు కొంతకాలం వెనకడుగు వేసింది. అంతకుముందు ఆ జబ్బుకు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు.

ఫార్బర్‌కి డబ్బెక్కడిది? పిల్లల క్యాన్సర్ పరిశోధనకని 1947లో ఒక ఫౌండేషన్ పెట్టుకున్నాడు. 1948 మే నెలలో రేడియో కార్యక్రమంలో ఒక పిల్లాడి మంచం దగ్గర మైకు పెట్టారు. అసలు పేరు చెప్పకుండా జిమ్మీ అన్నారు. వాడికిష్టమైన బేస్‌బాల్ జట్టు ఆటగాళ్లు గదిలోకి వచ్చారు. వాడికి ఆట చూడటానికి టీవీ కావాలి, డబ్బు పంపండి అన్నారు. రెండు లక్షల డాలర్లకు పైగా వచ్చిపడ్డాయి. జిమ్మీ ఫండ్ ఈనాటికీ నడుస్తోంది. ఆ పిల్లాడు చనిపోయి ఉంటాడనే అంతా అనుకున్నారు. యాభై ఏళ్లకు, 1998లో, ఐనార్ గుస్టాఫ్‌సన్ అనే పెద్దమనిషి "నేనే జిమ్మీని" అని బయటికొచ్చాడు.

చార్మినార్_చాయ్
మంగళవారం మధ్యాహ్నం 3:22

చూశారా, అప్పుడూ పిల్లాడి ఫొటో... కాదు, గొంతు. ఫోన్లు చేసే బ్యాచ్‌కి గురువు ఇతనే అన్నమాట.

టీవీ కొనిచ్చారా లేదా?

మూర్తి_పశ్చిమగోదావరి
మంగళవారం మధ్యాహ్నం 3:40

కొనిచ్చారు నాయనా.

పద్మజ_బోడుప్పల్
మంగళవారం సాయంత్రం 5:15

మూర్తి గారూ, ఆ మందు తమ్ముడే మెథోట్రెక్సేట్ కదా? మా అత్తగారు కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి, ఆదివారం, వేసుకునే పసుపు మాత్ర అదే. భీమవరం వాళ్ల చేయి అందులో ఉందని ఈ రోజు చెబితే "మన సుబ్బారావే?" అని ఆవిడ మురిసిపోయింది. ఆవిడది నరసాపురం.

ఆడిటర్_నల్లకుంట
మంగళవారం రాత్రి 8:30

కథలు బాగున్నాయి. రవి గారికి ఈ వారంలో పనికొచ్చేది రాస్తాను. ముప్పై ఏళ్లుగా ట్రస్టుల లెక్కలు చూస్తున్నాను.

ఫౌండేషన్‌కి 12ఎ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఆదాయపన్ను వెబ్‌సైట్లో చూసుకోండి. అవి ఒకప్పటిలా శాశ్వతం కాదు, గడువుంటుంది, మళ్లీ మళ్లీ తీసుకోవాలి. పాత సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించినంత మాత్రాన చాలదు. 80జి మినహాయింపు మీకు రావాలంటే మీరు పాత పన్ను విధానంలో ఉండాలి. కొత్త విధానంలో ఉంటే సున్న. ఉన్నా సాధారణంగా ఇచ్చినదాంట్లో సగానికే మినహాయింపు, 2,000 దాటి నగదు ఇస్తే అదీ లేదు. ట్రస్టు ఇచ్చే 10బిఇ అనే విరాళం ధ్రువపత్రం అడిగి తీసుకోండి, మామూలు రసీదు సరిపోదు.

అన్నయ్య వాటా ఏమైనా కలుపుతున్నాడా? ఆయన ఇంకా ఇండియా పాస్‌పోర్టు మీదే ఉంటే ఇబ్బంది లేదు, విదేశంలో ఉన్నా మనవాడి కిందే లెక్క. కెనడా పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం అవుతుంది. ఎఫ్‌సిఆర్‌ఎ, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. మీ ఖాతాకి పంపి మీ పేరున కడదాం లాంటి తెలివితేటలు వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. డబ్బు ఇచ్చేటప్పుడు ఉత్తరం రాసివ్వండి. ఉత్తరంలో కార్పస్ అన్న మాట ఉంటే అది మూలధనం. అసలు కదలదు, వడ్డీ మాత్రమే ఖర్చవుతుంది. ట్రస్టు గుమాస్తాలు అలవాటుగా ఆ మాట ఉన్న ఫారమే ముందు పెడతారు. మీ డబ్బు ఈ ఏడాదే రోగికి చేరాలంటే "ఫలానా పనికి ఖర్చు చేయగలరు" అని రాయండి. మామూలు ఆదాయంలో 85 శాతం ఆ ఏడాది ఖర్చు చేయాలన్న నిబంధన ట్రస్టులకు ఎలాగూ ఉంది.

మంచం మీద పేరు రేకు గురించి: చాలాచోట్ల దానికి ఒక రేటు ఉంటుంది. ఆ రేటు కార్పస్ కిందే కట్టించుకుంటారు. బావగారికి ఆ సంగతి చెప్పండి.

రవి_సూర్యాపేట
మంగళవారం రాత్రి 9:10

ఆడిటర్ గారూ, చాలా థ్యాంక్స్. అన్న పోయినేడాదే కెనడా పౌరసత్వం తీసుకున్నాడు. ఇది అమ్మ డబ్బే కాబట్టి అన్న జేబులోంచి ఏమీ లేదు, బతికిపోయాం.

బావకు చెప్పాను. "వడ్డీతో నడుస్తుందంటే ఎప్పటికీ ఉంటుందన్నట్టే కదా" అన్నాడు. అదీ నిజమే అనిపించింది. మళ్లీ మొదటికొచ్చాను.

నైట్_డ్యూటీ
బుధవారం తెల్లవారుజాము 4:25

డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి. పద్నాలుగేళ్లుగా క్యాన్సర్ వార్డుల్లో నర్సుని, అందులో ఆరేళ్లు రేడియేషన్ విభాగంలో. ఏ ఆసుపత్రో చెప్పను.

మీరంతా చికిత్స, పరిశోధన అని రెండు పక్షాలు చేశారు. ఈ రెండింటి మధ్యలో ఒక సందు ఉంది. మనుషులు జారిపోయేది అక్కడే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్‌నే కరెంటు పెట్టడం అంటారు కదా మనవాళ్లు. పాతిక సిట్టింగుల చుట్టూ ఉంటుంది. వారానికి అయిదు రోజులు, అయిదు వారాలు. దాంతోపాటు వారానికోసారి కీమో. తర్వాత లోపలి కరెంటు. నోరి గారికి పేరు తెచ్చిన బ్రాకీథెరపీ అంటే అదే. మొత్తం ఎనిమిది వారాల్లోపు అయిపోవాలి. నడుమ గ్యాపు వస్తే కణితి మళ్లీ పుంజుకుంటుంది. మిషన్ మీద పడుకునేది రోజుకి పది నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం నాగర్‌కర్నూల్ నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చినావిడ మిగతా ఇరవై మూడు గంటల యాభై నిమిషాలు ఎక్కడుండాలి?

కరెంటుకి ఆరోగ్యశ్రీ ఉంది. పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ. రైల్లో అయితే క్యాన్సర్ పేషెంటుకి స్లీపరు, థర్డ్ ఏసీ టికెట్ పూర్తి రాయితీ, చాలామందికి ఆ సంగతే తెలీదు. రూముకి మాత్రం ఏ కార్డూ లేదు. పిల్లలకైతే సెయింట్ జూడ్ లాంటి సంస్థలు తల్లిదండ్రులతో సహా ఉచితంగా ఉండనిస్తాయి. యాభై ఏళ్ల అమ్మకి అలాంటి చోట్లు చాలా తక్కువ.

ఒకావిడ గుర్తొస్తోంది. పొత్తికడుపు మీద కరెంటు గురి కోసం మేము గీసిన ఊదారంగు గీతలు చెరిగిపోతాయని స్నానం చేయడానికి భయపడేది. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకునేది. ఈ కరెంటుకి మూత్రాశయం నిండుగా ఉండాలి, అప్పుడే పేగులు పక్కకి జరుగుతాయి. అందుకని ముందు ఒకసారి మూత్రానికి వెళ్లొచ్చి అర లీటరు నీళ్లు తాగి ముప్పావుగంట ఆపుకుని కూర్చోమంటాం. ఎంత తాగాలో కొలత తెలియడానికి సీసా కావాలి. ఆవిడ దగ్గర సీసా లేదు, స్టీలు గ్లాసు ఉంది. రోజూ "మూడు గ్లాసులు తాగిన సిస్టర్" అనేది. మిషన్ ఆలస్యమైతే పాపం కాళ్లు ముడుచుకుని, కళ్లలో నీళ్లు. పద్నాలుగో సిట్టింగు తర్వాత రాలేదు. ఫోన్ చేస్తే ఆమె కొడుకు ఎత్తాడు. "రూముకి రోజుకి నాలుగొందలు మేడం. నేనిక్కడ కూర్చుంటే కూలీ పోతోంది. వచ్చే నెల పత్తి అమ్మినాక తీసుకొస్త" అన్నాడు. తీసుకొచ్చాడు. రెండున్నర నెలలకి. అప్పటికి మేం చేయగలిగింది నొప్పి తగ్గించడమే.

పదకొండు సిట్టింగులు మిగిలాయి. వారాంతాలు కలుపుకుని పదిహేను రోజులు. ఆరు వేల రూపాయలు.

ల్యాబ్_కోటు
బుధవారం ఉదయం 8:40

సిస్టర్, మీ పోస్టు బస్సులో చదివాను. నా మాట వెనక్కి తీసుకోను గానీ, 4,60,000ని ఆరు వేలతో భాగిస్తే డెబ్బై ఆరు మంది. నా జూనియర్ ఫెలో ఒక్కడు.

చార్మినార్_చాయ్
బుధవారం ఉదయం 9:02

ఇప్పుడు అసలు విషయానికొచ్చాం. కానీ సిస్టర్, రూము అద్దె కోసమని ఇస్తే నిజంగా అద్దెకే పోతుందని గ్యారంటీ ఏముంది?

నైట్_డ్యూటీ
బుధవారం మధ్యాహ్నం 2:15

నిద్ర లేచాను. గ్యారంటీ ఏమీ లేదు. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్లు ఉంటారు. రేపు ఎవరు మానేయబోతున్నారో వాళ్లకి ముందే తెలుస్తుంది. విరాళం ఇచ్చేముందు అకౌంట్స్ సెక్షన్‌కి కాకుండా ముందు వాళ్ల దగ్గరకి వెళ్లండి. పేషెంటు సహాయ నిధి అని విడిగా ఖాతా ఉందా, పోయినేడు దాంట్లోంచి ఎంతమందికి ఎంత ఇచ్చారు, రిజిస్టర్ చూపిస్తారా అని అడగండి. రోగుల పేర్లు చూపించకూడదు, చూపించరు. తేదీలు, మొత్తాలు చూపించగలరు. చూపించడానికి నసిగితే బయటికొచ్చేయండి.

ఇంకో మాట. నొప్పి. ఆఖరి దశలో మార్ఫిన్ మాత్ర దొరకడం ఒకప్పుడు గగనం. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక కొంచెం తేలికైంది. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్, అంటే ఆఖరి దశ రోగుల్ని చూసుకునే చోటు, ఉంది, రోటరీ వాళ్లు మొదలుపెట్టారు, పైసా తీసుకోరు. బాగయ్యేవాళ్లకి ఇస్తే పుణ్యం, పోయేవాళ్లకి ఇస్తే దండగ అనే లెక్క చాలామందికి ఉంటుంది. నాకు లేదు.

పద్మజ_బోడుప్పల్
బుధవారం సాయంత్రం 6:50

సిస్టర్ పోస్టు చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

రవి తమ్ముడూ, డబ్బుతో సంబంధం లేని ప్రశ్న, అడగొచ్చా? మీ అక్కకి ఎన్నేళ్లు? ఆమె పరీక్ష చేయించుకుందా? ల్యాబ్ కోటు గారు చెప్పిన వెనిగర్ పరీక్షో, ముఖద్వారం కణాలు తీసి చూసే పాప్ స్మియరో? కూతుళ్లున్నారా? ఈ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పివి టీకా తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల లోపు రెండు డోసులు చాలు. మన సీరమ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సెర్వావాక్ 2023 నుంచి ఉంది. నాది వేరే క్యాన్సర్ అయినా ఇద్దరు పిల్లలకీ వేయించాను.

రవి_సూర్యాపేట
గురువారం రాత్రి 11:20

పద్మజక్కా, మీరు అడిగినదానికి ఫోన్ చేస్తే అక్క "నాకేం రోగం" అని పెట్టేసింది. నాలుగు గంటల తర్వాత మళ్లీ తనే చేసింది. ఆమెకు నలభై ఒకటి. ఇంతవరకు ఏ పరీక్షా లేదు. అమ్మతో పదిహేను నెలలు ఆసుపత్రిలో ఉన్నది అక్కే, అయినా ఒక్కరూ నువ్వు చేయించుకున్నావా అని అడగలేదు. మేమూ అడగలేదు. వచ్చే శనివారం తీసుకొస్తున్నా. మేనకోడలికి పన్నెండేళ్లు.

సిస్టర్, మీ పోస్టు నాన్నకు చదివి వినిపించాను. అమ్మకు కరెంటు పెట్టినప్పుడు మేం లకిడికాపూల్ వెనక సందులో రూము తీసుకున్నాం, నాకు జీతం ఉంది కాబట్టి. పక్క రూములో మహబూబ్‌నగర్ వాళ్లుండేవారు, తల్లీ కొడుకూ. అమ్మ రోజూ ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోసేది, "ఆమెకి వండుకునే ఓపిక లేదురా" అని. వాళ్లు ఒక రోజు సామాను సర్దుకుని పోయారు. కోర్సు అయిపోయిందేమో అనుకున్నాం. అయిపోలేదేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

నాన్న విని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మీ అమ్మ అయితే ఆ రూము కిరాయే కట్టేది" అన్నాడు. అన్న మొదట నసిగాడు, ఆరు వేల లెక్క చెప్పాక సరే అన్నాడు. అక్క కోసం అన్నం సంగతి కూడా రాయాలి. రూముతో పాటు వంట సామానుకి కూడా అని ఉత్తరంలో పెట్టొచ్చా ఆడిటర్ గారూ?

ఆడిటర్_నల్లకుంట
శుక్రవారం ఉదయం 7:30

పెట్టొచ్చు. "రేడియేషన్ చికిత్స పొందుతున్న పేద రోగులు, వారి సహాయకుల వసతి, భోజన ఖర్చుల నిమిత్తం" అని రాయండి. మరీ ఇరుకుగా, ఫలానా జిల్లా, ఫలానా జబ్బు అని రాయకండి. అలాంటి రోగి ఆ నెల రాకపోతే డబ్బు ఖాళీగా పడి ఉంటుంది. చెక్కు ఒకేసారి ఇవ్వకుండా రెండు విడతలు చేయండి. మొదటి విడత రిజిస్టర్ చూశాక రెండోది. ట్రస్టువాళ్లు ఏమీ అనుకోరు, మంచి ట్రస్టయితే.

రవి_సూర్యాపేట
ఆదివారం రాత్రి 9:45

నిన్న రెండు చోట్లకు వెళ్లాం, అక్క, బావ, నేను. పేర్లు రాయను. మొదటి చోట రేట్ల కార్డు ఇచ్చారు, మంచానికింత, గదికింత, గోడ మీద రాయికింత. రెండో చోట సోషల్ వర్కర్ మేడం రిజిస్టర్ తెచ్చి మా ముందు పెట్టింది, పేర్ల మీద కాగితం అడ్డం పెట్టి. అక్క ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. 2 లక్షల 30 వేలకు చెక్కు రాశాం. మిగతాది దసరా తర్వాత.

అక్కకు పరీక్ష అయింది. రిపోర్టు బుధవారం.

సిస్టర్, బావ సీసాల సంగతి పట్టుకున్నాడు. గీతలున్న అర లీటరు సీసాలు రెండు వందలు కొనిస్తానంటున్నాడు, తన డబ్బుతో. వాటి మీద అమ్మ పేరు వేయించొచ్చా అని అడగమన్నాడు. కరెంటు దగ్గర ఏమైనా ఇబ్బందా?

నైట్_డ్యూటీ
సోమవారం తెల్లవారుజాము 3:50

ఏ ఇబ్బందీ లేదు. సీసా మిషన్ గది బయటే ఉండిపోతుంది. స్టిక్కరు మాత్రం వద్దని చెప్పండి, రెండు రోజుల్లో తడిసి ఊడిపోతుంది. సీసా మీదే అచ్చు వేయించమనండి. మూత పెద్దదిగా ఉన్నవి తీసుకోండి, కీమో నడుస్తున్నవాళ్లకి వేళ్లు తిమ్మిరెక్కి చిన్న మూతలు రావు.